రెండు తూముల నీళ్ళు

కెటిల్ లోయ,
1867 జూన్ 30

ఓస్లాకి మీ వదిన ముద్దులతో,

నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు అందాయి. మీ అన్నయ్య గిడియన్ వాటిని వేసుకుని పొయ్యి ముందు కాళ్ళు చాపుకుని జమీందారులా కూర్చున్నాడు. మేం ఇద్దరం బాగున్నాం. చలి మాత్రం చంపేస్తోంది. మన షెట్లాండ్ లో ఎండాకాలమైన జూన్ ఇక్కడ నడి చలికాలం కదా. పొద్దున్నే కెటిల్ లో నీళ్ళు గడ్డకట్టి ఉంటున్నాయి. ఈ లోయకి ఆ పేరు పెట్టినవాడెవడో చలికాలంలోనే వచ్చి ఉంటాడు.

కాలువ బాగానే పారుతోంది. కొండ నీడ పడే అర మైలు మేర రోజూ తెల్లారగానే పారతో మంచు పగలగొట్టాలి. లేకపోతే నీళ్ళు మోసే చెక్క దోనెలు బిగుసుకుపోయి పగులుతాయి. బంగారు మట్టి కడగడానికి మూడేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని నాలుగు మైళ్ళు తవ్వుకున్న కాలువ కదా, పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకోవాలి. మీ అన్నయ్య అదే అంటాడు.

ఒక చిన్న పని చేసి పెట్టు. మంచి పసుపుపచ్చ సబ్బు, పొడుగు బార్లు ఓ పన్నెండు, నీలిమందు రెండు పొట్లాలు కొని బండివాడితో పంపించు. ఇక్కడి కొట్టువాడు అమ్మే సబ్బు రాయిలా ఉంటుంది, నురగ రాదు. ఎందుకూ ఏమిటీ అని అడగకుండా పంపావంటే మంచి ఆడపడుచు అనిపించుకుంటావు.

నీ ఉద్యోగం సుఖంగా ఉందా? పుస్తకాల షాపు ఆఫీసులో కుర్చీలో కూర్చుని పని చేసే హల్క్రో వాళ్ళ పిల్ల అని నేను ఇక్కడ అందరికీ చెప్పుకుంటున్నాను.

మెరన్


డునెడిన్,
1867 జూలై 21

వదినా,

పన్నెండు బార్లా? ఇద్దరు మనుషులకి? మా అన్నయ్య చిన్నప్పుడు షెట్లాండ్ లో మెడ కడుక్కోమంటే ఊరంతా పరిగెత్తించేవాడు. ఇప్పుడు నెలకి పన్నెండు బార్లు అరగదీస్తున్నాడంటే నమ్మమంటావా? పంపించానులే. బండివాడు కూడా 'అమ్మా, మీ వాళ్ళకి ఏమైనా చర్మరోగమా' అని అడిగాడు. నవ్వలేక చచ్చాను.

ఇంకో సంగతి. నీ ఉత్తరం చివర అన్నయ్య ఎప్పుడూ రెండు వాక్యాలు గీకుతాడు. ఈసారి లేదు. చలికి వేళ్ళు బిగుసుకుపోయాయని సాకు చెప్పకు. పొయ్యి ముందు జమీందారులా కూర్చున్నాడని నువ్వే రాశావు. పనిచేయకుండా రెండు నిమిషాలు కూర్చోవడం రాని మనిషి, పొయ్యి ముందు కాళ్ళు చాపుకోవడమేమిటి? ఏదో దాస్తున్నావు. నీకు అబద్ధం చెప్పడం రాదు వదినా, ఆ విద్య మా వంశానిది.

నా పని బాగుంది. షాపు పెద్దది, వెచ్చగా ఉంటుంది. ఆఫీసు పని ఎలా ఉంటుందో నీకు తెలుసుగా, అంతా కాగితాలే.

నిజం రాయి.

ఓస్లా


కెటిల్ లోయ,
1867 సెప్టెంబరు 8

ఓస్లా,

తిట్టు, పడతాను. మీ అన్నయ్య కాలు విరిగింది. జూన్ అయిదో తారీఖున గట్టు తవ్వుతుంటే పైనుంచి రాయి దొర్లి మోకాలి కింద పడింది. ఎముక కట్టిన డాక్టరు, ఆగస్టు చివరిదాకా కదిలితే కుంటివాడివైపోతావని చెప్పాడు. నీకు రాయొద్దని ఒట్టు వేయించుకున్నాడు. రాస్తే ఉద్యోగం వదిలేసి ఇక్కడికి పరిగెత్తుకొస్తావని తన భయం. ఇప్పుడు కర్ర ఊతంతో లేచి తిరుగుతున్నాడు, దాని గురించి బెంగపెట్టుకోకు.

బెంగ వేరే వచ్చింది. మొన్న సోమవారం, మన వాగు మీదే బంగారం తవ్వే పారగాన్ కంపెనీ మేనేజరు స్లీత్ స్వయంగా గుర్రమెక్కి వచ్చి నా చేతికో కాగితం ఇచ్చాడు. మన కాలువ నెల రోజులకి మించి పని లేకుండా పడి ఉందట. అందుకని మన హక్కు రద్దయినట్టేనట, గనుల తగాదాలు తీర్చే వార్డెను కోర్టులో దావా వేశాడట.

ఈ వాగు మీద మొదట పేరు రాయించుకున్నది మనం. కంపెనీ వచ్చింది రెండేళ్ళ తర్వాత. ఎండాకాలం వాగు సన్నబడితే ముందు మనకి రాసిచ్చిన రెండు తూములూ నిండాలి, ఏమైనా మిగిలితేనే వాళ్ళ ఎనిమిది తూములకి. మన హక్కు పోయిందంటే వాళ్ళు మొదటివాళ్ళవుతారు. ఎండలు మండే జనవరిలో మన కాలువకి చుక్క రాదు. నీళ్ళు లేని చోట బంగారం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మూడేళ్ళ కష్టం మట్టిలో కలిసిపోతుంది, మేం పెట్టె సర్దుకోవాలి.

చలికాలమంతా కాలువలో నీళ్ళు పారాయి ఓస్లా, దేవుడి మీద ఒట్టు. మంచు పగలగొట్టింది నేనే. అదే రాసి కోర్టుకి ఇచ్చాను. విచారణ అక్టోబరు ఇరవై మూడున. నువ్వు పుస్తకాల మధ్య ఉంటావు కదా, ఈ రూల్సు ఏమంటున్నాయో ఎక్కడైనా దొరికితే చూడు.

మెరన్


డునెడిన్,
1867 సెప్టెంబరు 20

వదినా,

కాలు విరిగి మూడు నెలలైతే నాకిప్పుడా చెప్పడం! నీ మీదా మా అన్నయ్య మీదా ఎంత కోపం వచ్చిందంటే, నీ ఉత్తరం చింపి పారేద్దామనుకున్నాను. తర్వాత ఏడిచాను. ఏడిచాక మళ్ళీ కోపం వచ్చింది. సరే, అది అలా ఉంచు.

ఆ రూల్సు పుస్తకం మా దగ్గరే ఉంది. చిన్న పుస్తకం, నీలం అట్ట. రెండు రాత్రులు కూర్చుని అంతా చదివాను. స్లీత్ ఊరికే బెదిరించడం లేదు. కాలువ నీళ్ళని వరసగా నెల రోజులు 'తవ్వకపు పనికి' వాడకపోతే, వార్డెను అనుమతి కూడా లేకపోతే, హక్కు పోతుందని స్పష్టంగా ఉంది. పారడం చాలదు వదినా. వాడాలి. అదీ తవ్వకపు పనికే వాడాలి.

నువ్వు కోర్టుకి రాసిచ్చిందాంట్లో నీళ్ళు పారాయని ఉంది. ఆ నీళ్ళు ఏం పని చేశాయో లేదు. అన్నయ్య మంచం మీద ఉన్నాడు. నువ్వొక్కదానివే గట్టు తవ్వి, మట్టి మోసి, తొట్టిలో కడిగావా? కడిగి ఉంటే నాలుగు పేజీలు గొప్పలు పోయేదానివి. నాకు తెలియదా నీ సంగతి?

సరే, అసలు ప్రశ్న అడుగుతున్నాను. ఆ పన్నెండు బార్ల సబ్బు ఏమైంది?

ఓస్లా


కెటిల్ లోయ,
1867 సెప్టెంబరు 29

ఓస్లా,

ఈ ఉత్తరం మీ అన్నయ్య వాకిట్లో కట్టెలు పేర్చుకుంటుండగా దొంగచాటుగా రాస్తున్నాను.

బట్టలు ఉతికాను. పారగాన్ కంపెనీ కూలీల బట్టలు, ఇరవై రెండు మందివి. ప్రతి శనివారం. ఇంట్లో ఓట్స్ పిండి అడుగంటింది, మనిషి మంచాన పడ్డాడు, ఏం చేయమంటావు? కాలువలోంచి చిన్న దోనె తిప్పి గుడిసె పక్కన పెద్ద తొట్టిలోకి నీళ్ళు పెట్టాను. ఆ ప్యాంట్లు చూడాలి నువ్వు, మట్టితో నిలబెడితే నిలబడతాయి. నా చేతులు పగిలి నెత్తురొచ్చేవి. మీ అన్నయ్య మొదటి శనివారం సాయంత్రం దాకా గోడవైపు తిరిగి పడుకున్నాడు. 'హల్క్రో ఇంటి కోడలు కంపెనీ కూలీల ప్యాంట్లు ఉతకడమా' అన్నాడు. అంతే. నేను మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్ళాను.

నీకు రాయనిది అందుకే. నువ్వూ అదే అంటావేమో అనుకున్నాను. కోర్టులో ఈ మాట ఎత్తితే తల ఎత్తుకుని తిరగలేనని మీ అన్నయ్య ఖరాఖండిగా చెప్పాడు. ఎత్తి మాత్రం లాభమేముంది? నువ్వే రాశావుగా, తవ్వకపు పని అయి ఉండాలని. బట్టలుతకడం తవ్వకం ఎలా అవుతుంది?

ఇంకోటి ఉంది, చెబితే నవ్వుతావు. మొదటి వారమే తొట్టి అడుగున మట్టి పేరుకోవడం చూసి, ఇది కంపెనీ వాళ్ళ గట్టు మట్టే కదా, ఊరికే పోనివ్వడమెందుకని, నీళ్ళు బయటికి పోయే చోట పాత ఉన్ని దుప్పటి ముక్క పరిచాను, బరువైనదేదైనా పోగుల్లో చిక్కుకుంటుందని. ప్రతి శనివారం చివర్లో ఆ దుప్పటి పళ్ళెంలో జాడిస్తే అడుగున నాలుగు పసుపు నలుసులు మెరుస్తాయి. గుండుసూది తల మీద నిలబడేంత. చలికాలమంతా కూడబెడితే చిటికెడు బంగారమైంది. మీ అన్నయ్యకి తెలియదు. మంచి బూట్లు కొందామని దాచాను.

ఇదీ నా బండారం. ఇప్పుడు నువ్వు ఏమంటావో అను.

మెరన్


డునెడిన్,
1867 అక్టోబరు 8

బంగారు వదినా,

ముందు నా బండారం విను. నేను ఆఫీసులో కుర్చీలో కూర్చోను. నేను బైండింగు షెడ్డులో పుస్తకాలు కుడతాను. పన్నెండు మంది ఆడవాళ్ళం బల్ల చుట్టూ నిలబడి కుడతాం. వేళ్ళకి సూది పోట్లు, గోళ్ళ నిండా జిగురు. నువ్వు ఊరంతా గొప్పగా చెప్పుకుంటున్నావని తెలిసి నిజం చెప్పలేకపోయాను. ఆ నీలం అట్ట రూల్సు పుస్తకాలు కిందటేడు నా చేతులతో అయిదు వందలు కుట్టాను. ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. నీ చేతులు సబ్బుకి పగిలాయి, నావి సూదికి పగిలాయి. మనిద్దరిలో సిగ్గుపడాల్సినవాళ్ళు ఎవరో నాకైతే తెలియడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. దుప్పటి ముక్క అన్నావు చూడు, ఆ ముక్క చదవగానే నేను షెడ్డులో కెవ్వున కేకేశాను. మా మేస్త్రి సూది గుచ్చుకుందేమోనని పరిగెత్తుకొచ్చాడు. పుస్తకం మూడో పేజీలో 'తవ్వకపు పని' అంటే ఏమిటో అర్థం రాసి ఉంది. అచ్చు అలాగే ఎత్తి రాస్తున్నాను: 'మట్టి ఎచ్చటిదైనను, ఏ సాధనముచేతనైనను, అందుండి బంగారమును వేరుచేయుటకు నీటిని వినియోగించుట.'

ఎచ్చటిదైనను! ఏ సాధనముచేతనైనను! కొండలోంచి తవ్విన మట్టే కావాలని ఎక్కడా లేదు. ప్యాంట్లకి అంటుకున్న మట్టి పనికిరాదని ఎక్కడా లేదు. వదినా, నువ్వు చలికాలమంతా ప్రతి శనివారం తవ్వకపు పని చేశావు. ఒక్క వారం కూడా మానలేదు కదా?

పుస్తకం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. మా మేస్త్రిని అడిగే తీశాను, దొంగతనం కాదు. కోర్టులో లేచి నిలబడి గొంతెత్తి చెప్పు. మా అన్నయ్యతో నా మాటగా ఇదొక్కటి చెప్పు: సిగ్గు పొయ్యిలో పెట్టు, నీళ్ళు నిలబెట్టుకో.

మీ ఓస్లా


కెటిల్ లోయ,
1867 అక్టోబరు 27

ఓస్లా, ఓస్లా, ఓస్లా!

కూర్చున్నావా? కూర్చో. మొదట్నుంచీ చెబుతాను, చివర ముందు చూడకు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. దుప్పటి సంగతి, చిటికెడు బంగారం సంగతి కూడా చెప్పేశాను. పుస్తకం తీసుకుని ఆ మూడో పేజీ పదిసార్లు చదివాడు. 'ఓస్లా కుర్చీలో కూర్చోవడం లేదు, పుస్తకాలు కుడుతోందన్నమాట' అన్నాడు. కోర్టుకి వెళ్ళేదాకా తన మనసులో ఏముందో నాకు తెలియదు. చెప్పమంటాడో వద్దంటాడో తెలియక, పుస్తకం మాత్రం సంచిలో పెట్టుకున్నాను.

కోర్టు హోటలు భోజనాల గదిలో పెట్టారు. వార్డెను పిమ్ గారు ముసలాయన, ముక్కు మీద కళ్ళజోడు, ఎవరు మాట్లాడినా తల ఎత్తకుండా రాసుకుంటాడు. గది నిండా జనం. కంపెనీ కూలీలు కిటికీల్లో కూడా ఎక్కి కూర్చున్నారు. స్లీత్ కొత్త కోటు వేసుకుని వచ్చాడు.

వార్డెను నా కాగితం చదివి, 'నీళ్ళు పారాయంటున్నారు. మీరేమంటారు?' అని స్లీత్ ని అడిగాడు. ఊరికే 'పారలేదు' అన్నా మాకు ప్రాణం మీదకి వచ్చేది, మాకు సాక్షులు ఎవరున్నారు? కానీ ఆయనకి మమ్మల్ని పదిమందిలో నవ్వులపాలు చెయ్యాలని దురద. లేచి నిలబడి నవ్వుతూ అన్నాడు కదా, 'ఎందుకు పారలేదు దొరా, బ్రహ్మాండంగా పారాయి! హల్క్రో పెళ్ళాం మా కూలీల ప్యాంట్లు ఉతికిన నీళ్ళు అవే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ప్రతి శనివారం ఇరవై రెండు జతలు. ఒక్క వారం మానితే ఒట్టు. దీన్ని బంగారు గని అంటారా, చాకిరేవు అంటారా తమరే సెలవియ్యండి.'

గదంతా గొల్లుమంది. నా చెవులు కాలిపోయాయి. వార్డెను ఒక్కడే నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకుని, 'ఒక్క వారం కూడా మానలేదని ప్రమాణం చేస్తారా?' అని అడిగాడు. 'సంతోషంగా చేస్తాను' అన్నాడా మహానుభావుడు. చేశాడు కూడా! పిమ్ గారు రాసుకుని, 'అయితే చలికాలమంతా కాలువలో నీళ్ళు పారాయి, వాడారు కూడా. ఈ ముక్క ఫిర్యాదీ నోటితోనే తేలిపోయింది' అన్నాడు. స్లీత్ మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది. 'కానీ బట్టలుతకడం తవ్వకం కాదు కదండీ' అని గొణిగాడు.

అప్పుడు మీ అన్నయ్య లేచాడు. కర్ర బల్లకి ఆనించి వదిలేశాడు, ఉత్త కాళ్ళ మీద నిలబడ్డాడు. చెప్పొద్దంటాడేమోనని నేను పుస్తకం గట్టిగా పట్టుకున్నాను. తనేమన్నాడో విను: 'అవునండీ. నా భార్య కంపెనీ వాళ్ళ ప్యాంట్లు ఉతికింది. నేను మంచంలో పడుకుని గోడకేసి చూస్తూ ఉంటే, మంచు పగలగొట్టి నాలుగు నెలలు ఉతికి నాకు అన్నం పెట్టింది. నేను సిగ్గుపడ్డాను. నేను సిగ్గుపడింది తప్పు. ఇప్పుడు ఆవిడే చెబుతుంది, వినండి.'

ఓస్లా, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పుస్తకంలో అక్షరాలు కనపడలేదు. అయినా ఆ ముక్క నాకు కంఠతా వచ్చు కదా, చూడకుండానే గొంతెత్తి చదివాను. దుప్పటి సంగతి చెప్పాను. చిటికెడు బంగారం బల్ల మీద పెట్టాను.

'ఇది ఎక్కడిదో ఎవరికి తెలుసు?' అని స్లీత్ అరిచాడు. వార్డెను పుస్తకం మూసి, 'అయితే రేపు వెళ్ళి చూద్దాం. ఏ ప్యాంటు ఉతకాలో మీరే ఎంచండి' అన్నాడు.

మర్నాడు పొద్దున్న కెటిల్ లోయలో తిరునాళ్ళే. వార్డెను, గుమాస్తా, ఊళ్ళో సగం మంది. తొట్టి, దుప్పటి, పళ్ళెం అన్నీ వార్డెను తిప్పి తిప్పి చూశాడు. స్లీత్ తన కూలీలని వరసగా నిలబెట్టి, అందరిలోకీ శుభ్రంగా కనపడ్డ డోనల్ అనే ఐరిష్ వాడిని ఎంచాడు. పాపం, డోనల్ ప్యాంటు విప్పి ఇచ్చి, నడుముకి గోనెసంచి చుట్టుకుని చలికి గెంతుతూ నిలబడ్డాడు. 'తొందరగా ఉతుకు తల్లీ, చరిత్రలోకి ఇలా ఎక్కడం నాకిష్టం లేదు' అని ఒకటే గోల.

ఉతికాను. బురద నీళ్ళు దుప్పటి మీదుగా వదిలాను. దుప్పటి పళ్ళెంలో జాడించాను. అందరూ ముందుకి వంగారు. పళ్ళెం గుండ్రంగా తిప్పాను. మట్టి పోయింది, నల్ల ఇసుక పోయింది. అడుగున మూడు నలుసులు, ఓస్లా! మూడు! ఎండ పడి తళుక్కుమన్నాయి. డోనల్ గోనెసంచి వదిలేసి చప్పట్లు కొట్టాడు. ఆడవాళ్ళం అటు తిరిగిపోయాం.

'అది కంపెనీ బంగారం!' అని స్లీత్ ఎగిరాడు. వార్డెను ఏమన్నాడంటావు? 'కంపెనీ తన మట్టిని ప్యాంట్లకి పూసి ఊరంతా పంచిపెడితే కోర్టు ఏం చేస్తుంది? బ్రష్షు కొనుక్కోమనండి' అన్నాడు. అక్కడే, మా తొట్టి అంచు మీద కాగితం పెట్టి తీర్పు రాశాడు. హల్క్రో కాలువ ఒక్కరోజు కూడా విడిచిపెట్టింది కాదు, మొదటి హక్కు మొదటి హక్కే, దావా కొట్టివేయడమైనది.

గెలిచాం! ఇంకా ఉంది. గుమాస్తా రిజిస్టరు తెరిచి, 'హక్కుదారు గిడియన్ హల్క్రో, అంతేనా?' అని అడిగాడు. మీ అన్నయ్య 'కాదు. మెరన్ హల్క్రో, గిడియన్ హల్క్రో అని రాయండి. ఆవిడ పేరే ముందు' అన్నాడు. అలాగే రాశారు. నా పేరు సిరాతో రాయడం పెళ్ళి రిజిస్టరు తర్వాత మళ్ళీ ఇదే చూడటం.

మెరన్


డునెడిన్,
1867 నవంబరు 6

వదినా,

నీ ఉత్తరం షెడ్డులో బల్లెక్కి గట్టిగా చదివాను. పన్నెండు మందీ సూదులు కింద పెట్టేశారు. డోనల్ గోనెసంచి దగ్గర మా మేస్త్రికి పొలమారి నీళ్ళు తాగించాల్సి వచ్చింది. స్లీత్ ప్రమాణం చేసిన చోట అందరూ అరిచిన అరుపుకి పక్క షాపువాళ్ళు నిప్పంటుకుందనుకుని వచ్చారు.

'ఆవిడ పేరే ముందు' అన్న దగ్గర మాత్రం నేను చదవలేకపోయాను. పక్కావిడ అందుకుని చదివింది. మా అన్నయ్యని నా తరఫున ముద్దు పెట్టుకో.

ఎండాకాలం రానీ. అప్పుడు కదా అసలు మజా. స్లీత్ తన కాలువ గేటు దించి మనకి నీళ్ళు వదలడం నువ్వు కళ్ళారా చూసి నాకు రాయాలి. ఒక్క ముక్క వదిలినా ఊరుకోను.

ఓస్లా


కెటిల్ లోయ,
1868 జనవరి 19

ఓస్లా,

చూశాను. నీ కోసం రెండు కళ్ళూ విప్పి చూశాను.

మూడు వారాలుగా వాన లేదు. వాగు సన్నబడి రాళ్ళు తేలాయి. మన కాలువలో నీళ్ళు మడమలోతుకి పడిపోయాయి. రూలు ప్రకారం మొదటి హక్కుదారు రాతపూర్వకంగా అడగాలి, అడిగితే వెనకవాడు గేటు మూయాలి. మీ అన్నయ్య కాగితం నా ముందు పెట్టి, 'నువ్వే రాయి, సంతకం నీదే' అన్నాడు. రాశాను. తప్పులున్నాయేమో, ఉండనీ.

నాలుగు మైళ్ళు నడిచి కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళి స్లీత్ చేతికి ఇచ్చాను. చదివాడు. రెండోసారి చదివాడు. చుట్టూ ఇరవై రెండు మంది కూలీలూ పని ఆపి చూస్తున్నారు. 'సగం తూమైనా మాకు వదులుతారా అమ్మా?' అని అడిగాడు. అమ్మా అన్నాడు ఓస్లా! నేను మర్యాదగానే చెప్పాను, 'మా రెండూ నిండాక మిగిలినదంతా మీదే బాబూ. అంతకు ఒక్క చుక్క ముందు కాదు.' ఇంక ఏం చేస్తాడు, తన చేతులతోనే పలకలు ఒకటొకటిగా దించాడు. ఆఖరి పలక పడగానే వాగు నిండి, కింద మన కాలువ మొగ వైపుకి దూకింది. నీళ్ళు గలగలమంటూ మన కాలువలోకి తిరిగాయి.

నేను కాలువ గట్టు వెంబడే ఇంటికి నడిచాను. మంచు పగలగొట్టిన ఆ నీడ చోటు దాటాను, దోనెలు దాటాను. నీళ్ళు నా పక్కనే వస్తున్నాయి. నేను కాస్త ఆగితే అవి ముందుకి పోయాయి, నేను పరిగెత్తి అందుకున్నాను. పెళ్ళికాని పిల్లలా నవ్వుకుంటూ పరిగెత్తాను, ఎవరు చూస్తే నాకేంటి?

మలుపు తిరిగేసరికి మీ అన్నయ్య బంగారం కడిగే తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. కర్ర లేదు. రెండు కాళ్ళ మీద నిలబడి, చేతిలో పార పట్టుకుని, కాలువకేసి చూస్తున్నాడు. నీళ్ళు తొట్టిలోకి దూకగానే టోపీ తీసి గాల్లోకి విసిరాడు. 'మెరన్ హల్క్రో గారూ, మీ నీళ్ళు వచ్చాయండీ!' అని లోయంతా వినపడేలా అరిచాడు.

ఇవి మనవి ఓస్లా. ఈ ఎండాకాలమంతా మనవి.

మెరన్